మా బావ పాడిన ఏడో పాట

ఇప్పుడు మా ఇంట్లో కుక్కరు ఎప్పుడు కూత పెట్టినా అడిగేవాళ్లు లేరు. పొద్దు వాలగానే పొయ్యి వెలిగిస్తాను, పప్పు పడేస్తాను, అది దానికి ఇష్టమొచ్చినన్ని కూతలు పెట్టుకుంటుంది. పోయిన ఏడాది ఇదే వేళకు నేను పొయ్యి ముట్టుకోవడానికి వీలుండేది కాదు.

మా బావ లారీల దగ్గర పని ముగించుకుని వచ్చి, ఒంటి మీద సిమెంటు దుమ్ము వదిలేదాకా నీళ్లు పోసుకుని, లోపలి గదిలోకి వెళ్లేవాడు. “సూసీ, కుక్కరు” అని నా పేరు పెట్టి ఒక్క మాట అనేవాడు. నేను పొయ్యి ఆపేదాన్ని. ఫ్యాను ఆపేదాన్ని. పెరట్లో కుళాయి బొట్టు బొట్టుగా కారుతుంటుంది. ఆ చప్పుడు కూడా లోపలికి వస్తుందని దాని కింద బకెట్లో పాత గుడ్డ వేసేదాన్ని. అత్తమ్మకు దగ్గు వస్తే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వీధి అరుగు మీద కూర్చోబెట్టేదాన్ని. “నా ఇంట్లో నేను దగ్గటానికి గూడా వీడి పర్మిషన్ కావాలంట” అని ఆవిడ సణిగేది. లోపల బావ రెండు బొంతల కొసలు గోడ మేకులకు తగిలించి కప్పుకుని, వాటి కింద ఫోనూ చిన్న మైకూ పెట్టుకుని, చెమటలు కారిపోతుంటే పాడేవాడు. పాట అనకూడదట, ర్యాప్ అనాలట. తలుపు బయట నిలబడి వింటే నాకు అది ఎవరితోనో గట్టిగా పోట్లాడుతున్నట్టే ఉండేది.

బావ బతికే ఉన్నాడు. వినేవాళ్లు కంగారు పడకుండా ఆ మాట ముందే చెబుతున్నాను. పోయినవాడు నా తమ్ముడు నెహెమ్యా. బావ పాడింది వాడి గురించే.

బావ పేరు బెన్ని. మా మేనత్త కొడుకే, అతన్నే చేసుకున్నాను. పుట్టి పెరిగింది జగ్గయ్యపేటలోనే. వాళ్ల నాన్న సున్నపురాయి క్వారీలో పని చేసి చేసి ఊపిరితిత్తులు పాడై పోయాడు. అందుకని అత్తమ్మ కొడుకును క్వారీ దరిదాపులకు పోనివ్వలేదు. ఇంటరు తప్పాక బావ లారీలకు టార్పాలిన్ పట్టాలు కట్టే పనిలో చేరాడు. సిమెంటు బస్తాలు నింపిన లారీ ఫ్యాక్టరీ బయటికి రాగానే పైకెక్కి పట్టా పరిచి, నాలుగు పక్కలా తాళ్లు లాగి, కొక్కేలకు బిగించి ముడి వేయాలి. వాన వచ్చినా, గాలి లేచినా ఆ ముడి ఊడకూడదు. డ్రైవర్లు వచ్చి, “బెన్ని లేడా? అయితే కాసేపు ఆగుతాంలే, టీ తాగొస్తాం” అనేవాళ్లట. ఈ సంగతి బావ ఇంటికొచ్చి మూడుసార్లు చెప్పేవాడు. “ఇందాకే చెప్పావు బావా” అంటే, “ఇందాక చెప్పింది వేరే డ్రైవరు గురించి” అనేవాడు.

మనిషి మాత్రం పిరికి. అంత ఎత్తు లారీ మీద కోతిలా తిరుగుతాడు గానీ, హైవే దాటాలంటే నా చెయ్యి పట్టుకుంటాడు. కుక్క మొరిగితే నన్ను ముందు నడవమంటాడు. పెళ్లయిన కొత్తల్లో మా అమ్మ చూసి, “ఏంటల్లుడూ, మా పిల్లని నీకిచ్చామా, నిన్ను మా పిల్లకిచ్చామా?” అని నవ్వింది. ఆదివారం మందిరంలో పాటలకు దరువు వేసే ప్యాడ్ వాయించేటప్పుడు ఒక్కటే అతనికి భయం ఉండదు. కళ్లు మూసుకుని వాయిస్తాడు.

నెహెమ్యా నందిగామలో మా అమ్మ దగ్గర ఉండేవాడు. చదువు అబ్బలేదు. పని చూపించమని అమ్మ పోరు పెడితే, బావే ఒక డ్రైవరుతో మాట్లాడి వాణ్ణి లారీ క్లీనరుగా పెట్టించాడు. మొదట్లో బాగానే ఉన్నాడు. వచ్చినప్పుడల్లా నాకు గాజులో, అత్తమ్మకు జండూబామో తెచ్చేవాడు. తర్వాత ఒళ్లునొప్పులు తగ్గుతాయని ఎవరో గంజాయి పొట్లం చేతిలో పెట్టారు. ఆ ఎవరో ఎవరన్నది తర్వాత తెలిసింది. హైవే పక్కన డాబా ఉంది, డాబా వెనక లారీలు ఆపుకునే యార్డు ఉంది. ఆ యార్డు హరిచరణ్ అనే ఆయనది. కొండల వైపు నుంచి వచ్చే గంజాయి మూటలు అక్కడ దిగుతాయి, అక్కడ సిమెంటు బస్తాల నడుమ చేరి పట్టాల కింద రాష్ట్రం బోర్డరు దాటతాయి. నెహెమ్యా ఆ మూటలు మోశాడు. కూలి కింద డబ్బు కాదు, ఆ గంజాయి ఆకే తీసుకున్నాడు.

చివరి రోజుల్లో వాడు మా ఇంటికొచ్చి ఈ అరుగు మీదే కూర్చునేవాడు. ఊరికే నవ్వేవాడు. అన్నం పెడితే కంచంలోకి చూస్తూ, “అక్కా, ఇందులో ఎవరు మాట్లాడుతున్నారు?” అనేవాడు. పోయిన ఏడాది ఎండాకాలంలో నీళ్లు నిండిన పాత క్వారీలో దొరికాడు. పడ్డాడో, దిగాడో, ఎవరూ చూడలేదు.

నందిగామలో వాడి జ్ఞాపకంగా ఆదరణ కూడిక పెట్టాం. షామియానా కింద ఒక్కొక్కళ్లే లేచి మంచి కుర్రాడు, నెమ్మదస్తుడు, జబ్బు చేసి పోయాడు అన్నారు. జబ్బు అనే మాట విన్నప్పుడల్లా బావ కుర్చీలో ముందుకు జరుగుతున్నాడు. చివరికి లేచి నిలబడ్డాడు. “మా బామ్మర్ది జబ్బుతో పోలేదండి” అన్నాడు. సంఘపెద్ద జీవరత్నం గారు గబగబా వచ్చి బావ భుజం మీద చెయ్యి వేశారు. “నాయనా బెన్నీ, అమ్మ ఏడుస్తోంది చూడు. ఇది సమయం కాదు. కూర్చో” అన్నారు. బావ కూర్చున్నాడు. భోజనాలు వడ్డించారు.

మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. ముందు తన పాపం చెప్పుకోవాలి, ఆ తర్వాతే ఎదుటివాళ్ల సంగతి. ఏ ఊరో చెప్పాలి, ఏ చోటో చెప్పాలి, ఎవరితో ఉన్నప్పుడు జరిగిందో పేరు పెట్టి చెప్పాలి. డొంకతిరుగుడుగా చెబితే ఈ జీవరత్నం గారే మధ్యలో ఆపేస్తారు. “ఎక్కడయ్యా? ఎవరితో? దేవుడికి తెలుసు సరే, మాకూ తెలియాలిగా” అంటారు. అందరూ నవ్వుతారు. చెప్పేవాడు తడబడి మళ్లీ మొదటికొస్తాడు. బావ ఊహ తెలిసినప్పటి నుంచి ఆ మందిరంలో పెరిగినవాడు. నిజం చెప్పడానికి అతనికి తెలిసిన దారి అదొక్కటే.

కూడికలో కూర్చోబెట్టిన సాక్ష్యాన్ని బొంతల కింద చెప్పడం మొదలుపెట్టాడు. కంపెనీ లేదు, స్టూడియో లేదు. మందిరంలో వాయించే ప్యాడ్ మీదే దరువు కట్టుకున్నాడు. పట్టా మీద తాడు లాగితే సర్రుమని వచ్చే చప్పుడు ఫోనులో పట్టుకొచ్చి దాన్ని కలిపాడు. మూడో పాటలో లారీ హారను పడింది. కుక్కరు ఆపగలిగాను గానీ హైవే ఆపలేను గదా. “ఉండనీలే, అది గూడా సాక్షే” అన్నాడు. ఏడు పాటలు అయ్యాయి. అన్నీ కలిపి ‘ఆకు సాక్ష్యం’ అని పేరు పెట్టి నెట్‌లో పెట్టాడు. ఆ పేరునే లారీలకు నంబర్లు రాసే నీలం రంగుతో మా ఇంటి వీధి గోడ మీద రాశాడు. కింద చిన్న అక్షరాల్లో నెహెమ్యా పేరు. అక్షరాలు వంకరగా ఉన్నాయి. అత్తమ్మ చూసి, “లారీ వెనక రాసినట్టుందిరా” అంది. “నాకొచ్చింది అదేనమ్మా” అన్నాడు.

మొదటి పాటలో తన పాపం చెప్పుకున్నాడు.

పట్టా పరిచింది నేనే, తాడు లాగింది నేనే,
ముడి బిగించింది నేనే, మూట చూసింది నేనే,
చూసి నోరు మూసుకున్నోణ్ణి, ఇదిగో, నేనే.

తెలియకుండా కట్టానని అనలేదు. యార్డు నుంచి వచ్చిన లారీల్లో కొన్నింటికి తానే ముడి వేశాడు. బస్తాల మధ్య వేరే మూటలు కనబడ్డాయి. అడగలేదు. ఏడో పాటలో మిగతాది చెప్పాడు.

హైవే పక్క డాబా, డాబా ఎనక యార్డు,
మా నెహెమ్యా చేతిలో తొలి పొట్లం పెట్టింది ఎవడు?
ఊరు చెప్పా, చోటు చెప్పా, పేరు చెప్తా విను.

ఆ తర్వాత దరువు ఆగిపోతుంది. బావ మామూలు గొంతుతో పేరు చెబుతాడు. మొట్టమొదటిసారి విన్నప్పుడు లేచి వెళ్లి వీధి తలుపు వేసి వచ్చాను. “పేరు అవసరమా బావా?” అన్నాను. “పేరు లేకపోతే అది సాక్ష్యం ఎట్టా అవుద్ది సూసీ?” అన్నాడు.

పాటలు వినేవాళ్లు విన్నారు. అయితే మేం అనుకున్నవాళ్లు కాదు. ఒకరోజు అమ్మను చూడటానికి నందిగామ వెళ్లి బస్టాండు బయట ఆటో ఎక్కాం. డ్రైవరు పక్కన ఒక కుర్రాడు కూర్చున్నాడు. ఆటోలో బావ మొదటి పాటే మోగుతోంది. ‘నేనే’ అన్నచోటల్లా ఇద్దరూ కలిసి అరుస్తున్నారు. కుర్రాడి వేళ్ల మధ్య చుట్టిన సిగరెట్టు ఉంది. ఆ వాసన నాకు తెలుసు. మా అరుగు మీద చాలా రోజులు పీల్చాను.

బావ ముందుకు వంగి, “తమ్ముడూ, అది మానమని పాడిన పాట” అన్నాడు.

“మానమనా? అన్నా, నువ్వెవరు చెప్పటానికి?”

“పాడింది నేనే.”

ఆ కుర్రాడు డ్రైవరును మోచేత్తో పొడిచాడు. “మామా, పాడింది ఈయనేనంట. ఈయన బెన్ని అయితే నేను ఆకుని కనిపెట్టినోణ్ణి.” వెనక్కి తిరిగి సిగరెట్టు చాపాడు. “ఇంద అన్నా, ఒక దమ్ము లాగు. ఆ గొంతు వస్తదేమో చూద్దాం.”

బావ ఆటో ఆపించాడు. మిగతా దూరం నడిచాం. నడుస్తూ ఒక్కటే మాట అన్నాడు. “ఏడో పాట దాకా ఎవరూ రావట్లేదు సూసీ. మొదటి దాని దగ్గరే ఆగిపోతున్నారు.”

ఏడో పాట దాకా వచ్చినవాడు ఒకడున్నాడు. దసరా వెళ్లాక ఒక మధ్యాహ్నం హరిచరణ్ మా ఇంటికి వచ్చాడు. బుల్లెట్ బండి సందు మొదట్లోనే ఆపి, నడిచి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. గుమ్మం బయట చెప్పులు విడిచాడు. అత్తమ్మ దగ్గు విని, “మిరియాల కషాయం పెట్టండమ్మా, మా అమ్మకి దాంతోనే తగ్గింది” అన్నాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. గ్లాసు నా చేతికే ఇచ్చాడు. ఆ చేత్తోనే పొట్లం ఇచ్చాడు గదా అనుకున్నాను.

“బెన్నీ, ఏడు పాటలూ విన్నానయ్యా. భలే ఉన్నయ్. ఏడోది మాత్రం తీసెయ్.”

బావ నేల చూపులు చూస్తున్నాడు. “అది సాక్ష్యమండి. తీయకూడదు.”

“సరే, సాక్ష్యమే. మొదటి దాంట్లో ఏం చెప్పావు? ముడి నేనే వేశా, మూట నేనే చూశా అన్నావు. నీ గొంతుతో నువ్వే చెప్పావు. నా పేరు నువ్వు చెప్పావు గానీ, నేను చెప్పానా? రేపు స్టేషన్లో ఈ రెండు పాటలూ పెడితే ముందు ఎవర్ని కూర్చోబెడతారు, చెప్పు తమ్ముడూ?”

బావ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు.

“అందుకని ఏడోది తీసెయ్. మొదటిది మాత్రం ఉండనీ. అది నాకు బాగా నచ్చింది.” నవ్వి, నా వైపు తిరిగాడు. “వస్తా చెల్లెమ్మా. నెహెమ్యా మంచోడు. నన్ను అన్నా అన్నా అనేవాడు.”

ఆ సాయంత్రం బావ జీవరత్నం గారి దగ్గరికి వెళ్లాడు. నేనూ వెళ్లాను. పేరు పెట్టి చెప్పడానికి పోలీస్ స్టేషనుకు తోడు రమ్మని అడిగాం. ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. “ప్రార్థనలో పెడతాను నాయనా” అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు హైవే దాటడానికి బావ నా చెయ్యి పట్టుకోలేదు. అసలు లారీలను చూస్తున్నాడో లేదో తెలియలేదు. నేనే గుంజి పట్టుకున్నాను.

మర్నాడు పొద్దున మంచం మీద కూర్చుని ఫోనులో ఏడో పాట తీసేశాడు. నేను పక్కనే ఉన్నాను. వేలితో ఒక్కసారి నొక్కాడు, అంతే. “అయిపోయింది” అన్నాడు. బొంతలు రెండూ మడిచి పైన అటక మీద పడేశాడు. ఆ రోజు నుంచి “సూసీ, కుక్కరు” అన్న మాట మా ఇంట్లో వినబడలేదు.

ఇక వదిలేస్తారనుకున్నాం. డిసెంబరులో హరిచరణ్ మళ్లీ వచ్చాడు. ఈసారి లోపలికి రాలేదు. వీధిలో నిలబడి గోడ వైపు చూస్తున్నాడు. బావ బయటికి వెళ్లాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

“పాట తీసేశావు, సంతోషం. గోడ మీద ఇంకా ఉందేంటి?”

“చెరిపేస్తానండి.”

“ఎట్టాగూ క్రిస్మస్‌కి సున్నం కొడతారు గదా. అప్పుడే కొట్టెయ్. తెల్లగా కనపడిందనుకో, బెన్ని మనోడే అనుకుంటా. పండగ వెళ్లాక మన యార్డుకి వచ్చెయ్. నీ ముడి ఊడదని డ్రైవర్లందరూ చెప్తారు. మన లారీలకి పట్టాలు ఇక నువ్వే కట్టాలి.”

“నాకు పని ఉందండి.”

“ఆ పని మానెయ్ అంటున్నా.” గొంతు పెంచలేదు. “ఎప్పుడూ వేసే ముళ్లే గదయ్యా, కొత్తగా ఏం నేర్చుకోవాలని?”

ఆయన వెళ్లాక అత్తమ్మ బావను పట్టుకుని ఏడ్చింది. “వాడు చెప్పినట్టు చేసెయ్ నాయనా. ఉన్నది నువ్వు ఒక్కడివి” అంది. బావ తల ఊపాడు. ఆ ఊపు నాకు తెలుసు. కూడికలో జీవరత్నం గారు కూర్చోమన్నప్పుడు అలాగే ఊపాడు. అప్పుడు కూర్చోబెడితే పాటలు పుట్టాయి. ఇప్పుడు కూర్చుంటే మళ్లీ లేవడు. యార్డులో లారీ ఎక్కుతాడు, పట్టా పరుస్తాడు, మూట కనబడుతుంది, ముడి వేస్తాడు. ఆ లారీ ఏ ఊళ్లో ఆగితే ఆ ఊళ్లో ఎవరి తమ్ముడో చెయ్యి చాపుతాడు. వాడు బావ వేసిన ముడి విప్పి దించిన మూటలోదే తాగుతాడు.

క్రిస్మస్‌కు వారం ముందు బావ సున్నం తెచ్చి డ్రమ్ములో నానబెట్టాడు. పొద్దున పనికి వెళ్తూ, “వీధి గోడ మర్చిపోకు సూసీ” అన్నాడు. నా కళ్లలోకి చూడలేదు. “నీలిమందు కొంచెం ఎక్కువ వెయ్. లేకపోతే రంగు బయటికి కనపడుద్ది.”

పొద్దున మొదలుపెట్టాను. లోపలి గది వేశాను. బొంతలు తగిలించిన మేకులు ఇంకా గోడకే ఉన్నాయి, వాటి చుట్టూ వేశాను. వంటింటి పొగ మరకలు పోయేదాకా రెండు పూతలు వేశాను. పెరటి గోడ, గుమ్మం పక్కలు, అరుగు అన్నీ అయ్యాయి. చేతులు మండుతున్నాయి. మిగిలిన సున్నం బకెట్లోకి వంచి, నీలిమందు కొంచెం ఎక్కువే కలిపి, కుంచె పట్టుకుని వీధిలోకి వచ్చాను.

నెహెమ్యా పేరు నా నడుము ఎత్తులో ఉంది. కుంచె ముంచితే ఒక్క పూత చాలు. సందు మొదట్లో బుల్లెట్ బండి ఆగి ఉంది. దాని మీద ఉన్నవాడెవరో నాకు తెలియదు. ఫోను చూసుకుంటున్నట్టు కూర్చున్నాడు గానీ, తల మధ్యమధ్యలో ఇటు లేస్తోంది.

“అమ్మాయ్, ఆ ఒక్కటీ అయిపోతే ఇక లోపలికి రా, పొద్దు పోతోంది” అని అత్తమ్మ లోపల నుంచి కేకేసింది.

నేను కుంచె బకెట్లో పెట్టాను. బకెట్టు ఆ గోడ కిందే వదిలేశాను. పెరట్లోకి వెళ్లి చేతులు కడుక్కుని కొబ్బరినూనె రాసుకున్నాను. పొయ్యి వెలిగించి కుక్కరు పెట్టాను.

బావ వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. సందు మొదట్లో బండి మీదివాడు బావను పలకరించలేదట, చూసి ఊరుకున్నాడట. బావ గోడ దగ్గర ఆగిపోయాడు. నీలం అక్షరాలు అలాగే ఉన్నాయి. చుట్టూ అంతా తెల్లగా అయ్యేసరికి అవి ముందుకన్నా బాగా కనబడుతున్నాయి. నేను గుమ్మంలోకి వచ్చాను.

“సున్నం చాల్లేదా?” అన్నాడు.

“ఉంది బావా.”

“మరి?”

“నాకు రాలేదు చెయ్యి.”

బావ సందు వైపు చూశాడు. బండి ఇంకా అక్కడే ఉంది. కిందికి వంగి బకెట్లో కుంచె పట్టుకున్నాడు. పట్టుకుని చాలాసేపు వంగే ఉన్నాడు. లోపల కుక్కరు కూత పెట్టింది. బావ ఉలిక్కిపడి లేచాడు. చేతిలో కుంచె లేదు.

“సున్నం గడ్డ కడుతోంది సూసీ” అన్నాడు.

“కట్టనీ.”

చెప్పులు విడిచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. సందు మొదట్లో బండి స్టార్టయింది. అది వెళ్లిన వైపే హైవే, హరిచరణ్ యార్డు. బకెట్టు రాత్రికి లోపల పెట్టమని అత్తమ్మ రెండుసార్లు చెప్పింది. ఇద్దరం లేవలేదు.